రైతు కొనదగిన గాలపు రీలు

చేనిలో నీటికుంట త్రవ్వుకొని, అందు బొచ్చె, రాగండి పిల్లలను విడిచిన రైతులు మన సంఘములలో అనేకులు కలరు. వారిలో కొందఱు గాలపు కఱ్ఱకు రీలు బిగించి, ఇంటి కూరకు కావలసిన చేపను తామే పట్టుకొనుచున్నారు. తక్కువ వెలలో మంచి రీలు ఏదియని వారు మమ్ము తఱచుగా అడుగుచుందురు. ఒక పేరు చెప్పి ఊరకుండుట సులభమే. కాని యీ యేడు అంగడిలో నున్న రకము వచ్చు నేటికి దొరకకపోవచ్చును; దొరకినను ఆ పేరుతోనే నాసి సరకు రావచ్చును. కావున సరకును చేత పట్టుకొని, మంచి చెడ్డలను తామే తేల్చుకొను విధమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ముందుగా ఒక మాట. రీలు విలువ దాని తళతళలోను, పెట్టెమీది అంకెలలోను లేదు. పెద్ద చేప లాగినపుడు దారము తడబడక, తెగక, సమముగా జాఱుటలో నున్నది. తక్కిన సుగుణము లన్నియు దీని తరువాతివే.

రీలు ఎవరికి అవసరము?

అందఱికిని కాదు. పిల్లకాలువ గట్టున పరిగెలు, జెల్లలు పట్టువానికి వెదురుకఱ్ఱ, బెండు, గాలము చాలును. అతడు రీలు కొనుట ధన వ్యయమే. గట్టునుండి పది పండ్రెండు గజముల లోపల చేప దొరకునంత కాలము పొడుగు కఱ్ఱయే మేలు.

కుంట వెడల్పై, చేపలు నడి నీటిలో తిరుగునపుడు రీలు పనికివచ్చును. చేప రెండు మూడు కిలోల తూకము దాటినపుడును అంతే. కఱ్ఱ కొనకు కట్టిన దారమును అట్టి చేప ఒక్క ఊపున తెంపును. రీలున్నచో దారమును కొంత విడుచుచు, కొంత చుట్టుచు దానిని అలయించి గట్టు చేర్పవచ్చును. రెండు చేపల కొఱకు వల దింపి కుంటంతయు కలచి, మిగిలిన చేపలను బెదరింప పనిలేదు.

మఱియొక ఉపయోగము కలదు. కొరమీను, వాలుగ వంటి చేపలు కుంటలో చేరినచో మనము విడిచిన పిల్లలను తినివేయును. కొరమీను బురదలోను, తుంగలోను దాగి వలకు సులభముగా చిక్కదు. దానిని గాలముతో ఏరివేయవచ్చును. అట్లని గాలము నొక్కదానినే నమ్ముకొనరాదు. పిల్లలను విడుచుటకు ముందు కుంటను ఎండబెట్టుటయో, ఇప్పపిండి చల్లుటయో ముఖ్యమైన పని. గాలము తరువాత వచ్చు సాయము మాత్రమే.

అది పనిచేయు విధము

నేతగాని మగ్గము చూచినవారికి ఈ యంత్రము సులభముగా తెలియును. నాడెలో కండె యుండును. నాడె ఇటునటు పరుగెత్తునపుడు కండె తిరుగదు. నూలు దాని కొననుండి జాఱి వచ్చుచుండును. ఈ రీలులోని కండెయు అట్లే. గాలమును విసరినపుడు కండె కదలదు. దారము దాని అంచు మీదుగా వలయములై వెడలిపోవును. పూర్వపు రీళ్లు గాలిపటపు చరకా వలె గిఱ్ఱున తిరిగెడివి. విసరిన గుండు నీటిలో పడిన పిదపను అవి తిరుగుచునే యుండుటచే దారము చిక్కుపడెడిది. కదలని కండె ఆ బాధను తొలగించినది.

స్కాట్లండులోని పెర్తు పట్టణమున మలోక్ అనువాడు 1884లో కండెను ప్రక్కకు త్రిప్పి విసరు రీలునకు హక్కుపత్రము పొందెను. పిమ్మట ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమున ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్తు అనువాడు 1905లో ఈ స్థిరమైన కండె గల రీలునకు హక్కుపత్రము పొందెను. అతడు ఉన్ని మిల్లుల కుటుంబమువాడు. నూలు కండెను చూచియే అతనికి ఆ తలంపు కలిగినదని చెప్పుదురు.

కండె చుట్టును ఒక వంపుకమ్మి తిరుగుచు దారమును చుట్టును. కమ్మి చివర చిన్న గిలక యుండును. దారము దానిమీదుగా మలగి కండెను చేరును. లోపల పండ్లచక్రములు కలవు. పెట్టెమీద 5.2 అని యున్నచో పిడిని ఒకమారు త్రిప్పిన కమ్మి అయిదుమార్లకు కొంచెము పైగా తిరుగునని యర్థము. కండెకు ముందు భాగమున ఒక మర కలదు. దీనిని డ్రాగు అందురు; మనము బిగింపుమర యనుకొందము. చేప గట్టిగా లాగినపుడు ఈ మర దారమును కొంచెము కొంచెముగా విడుచును. చేపను నిలుపునదియు, దారమును కాపాడునదియు ఇదియే.

పరిమాణము

రీళ్లకు 1000, 2000, 2500, 3000, 4000 అను అంకెలు వేయుదురు. ఇవి పరిమాణమునకు గుర్తులే కాని గుణమునకు గుర్తులు కావు. ఒకరి 3000 మఱియొకరి 2500తో సమానముగా నుండవచ్చును. పంటకుంటలో ఒకటి మొదలు మూడు కిలోల చేపలకు 2500 గాని 3000 గాని సరిపోవును. పెద్ద బొచ్చెలు, వాలుగలు గల చెఱువునకు 4000 తీసికొనవచ్చును. అంతకు మించినది చేతికి బరువు, సొమ్మునకు దండుగ.

సుమారు 0.30 మిల్లీమీటర్ల లావు గల నైలాను దారము 100 మీటర్లు పట్టిన చాలును. మన కుంటలలో ఏ చేపయు అంత దూరము పరుగెత్తదు.

సొమ్ము దేనికి పెట్టవలెను?

తక్కువ వెల రీలునందు అన్నియు మేలుగా నుండవు. కావున ఏది ముఖ్యమో, ఏది విడువదగినదో తెలిసికొనవలెను.

బిగింపుమర మొదటిది. లోపల నున్న బిళ్లల మధ్య ఒఱపిడిచే అది పనిచేయును. బిళ్లలు నునుపుగాను, వెడల్పుగాను ఉన్నచో దారము సమముగా జాఱును. కండె ముందు భాగమున మర యున్న రకములలో వెడల్పు బిళ్లలకు చోటుండును, నిర్మాణమును సరళము. తక్కువ వెలలో కొనువారు ముందు మర గల దానినే కోరుట మంచిది. "ఎనిమిది కిలోల బిగింపు" అని పెట్టెమీద నున్నచో మోసపోరాదు. మన దారమే అయిదాఱు కిలోలకు తెగునపుడు ఎనిమిది కిలోల బిగింపు మన కెందులకు?

రెండవది గిలక. దారమంతయు దీనిమీదనే పోవును. గిలక తిరుగకున్న దారము ఒకేచోట ఒఱసికొని గాడి పడును. గాడి పడిన గిలక దారమును కోయును.

మూడవది కండె అంచు. అల్యూమినియపు కండె ప్లాస్టికు కండెకంటె మేలు. ప్లాస్టికు అంచు రాతికి తగిలి లొట్టపడిన, ఆ లొట్టలో దారము పీచులేచును. వెంట రెండవ కండె నిచ్చినచో అది లాభమే.

నాల్గవది పిడి. ఇరుసులోనికి నేరుగా మరతో ఎక్కు పిడి వదులు కాదు. ప్రక్కనుండి ఒక మేకుమరతో బిగించు పిడి కొంతకాలమునకు కదలాడును.

ఇక బేరింగుల సంగతి. పెట్టెమీద పది, పండ్రెండు అని గొప్పగా వ్రాయుదురు. సైకిలు చక్రమున రెండు ప్రక్కల మంచి గుండ్లున్న చాలదా? రీలునందును ముఖ్యముగా కావలసినవి పెద్ద పండ్లచక్రమునకు ఇరుప్రక్కల రెండు, కమ్మిని త్రిప్పు చిన్న చక్రమునకు ఒకటి. గిలకకు ఒకటి యుండిన మఱియు మేలు. మంచివి నాలుగు, త్రుప్పుపట్టు పండ్రెండింటికంటె మేలు. బేరింగుల లెక్క చూచి వెల పెంచి కొనుట, గంటల లెక్క చూచి ఎద్దును కొనుట వంటిది.

ఒడలు లోహముదా, ప్లాస్టికుదా యని చింతింప నక్కఱలేదు. గ్రాఫైటు కలిపిన గట్టి ప్లాస్టికు త్రుప్పుపట్టదు, తేలికగా నుండును. అది బరువునకు వంగకుండుట మాత్రము చూచుకొనవలెను.

అంగడిలో చేయదగిన పరీక్షలు

అంగడికి పోవునపుడు మూరెడు దారమును, చిటికెడు దూదిని వెంట తీసికొనిపొండు. ఈ క్రింది పరీక్షలకు పది నిమిషములు చాలును.

1. పిడిని మెల్లగా త్రిప్పవలెను. గరగర శబ్దముగాని, ఒకచోట పట్టి మఱియొకచోట విడుచుటగాని యున్న విడిచిపెట్టవలెను. వేగముగా త్రిప్పిన లోపము దాగును. మెల్లగా త్రిప్పిననే బయటపడును.

2. త్రిప్పునపుడు కండెను ఎదురుగా చూడవలెను. అది ముందువెనుకలకు తిన్నగా పోవలెను. ప్రక్కలకు ఊగినచో ఇరుసు వంకర.

3. పిడిని వెనుకకు త్రిప్పి చూడవలెను. వెంటనే ఆగవలెను. చాల దూరము వెనుకకు పోయి ఠక్కున ఆగునది, చేప లాగినపుడు పండ్లపై దెబ్బ పడనిచ్చును.

4. కమ్మిని చేతితో పదిమార్లు తెఱచి మూయవలెను. ప్రతిమారును ఖచ్చితముగా పడవలెను. ఎనిమిదిమార్లు పడి రెండుమార్లు నడుమ నిలిచిపోవునది పనికిరాదు.

5. గిలకమీద దారము వేసి ఇటునటు లాగవలెను. దారముతో గిలకయు తిరుగవలెను.

6. కండె అంచున దూదిని ఒకమారు చుట్టి రాయవలెను. పోగు చిక్కినచోట గఱుకు కలదు. దూదిని పట్టునది దారమును విడుచునా?

7. బిగింపుమరను వదులుచేసి కండెను చేతితో త్రిప్పవలెను. పిమ్మట కొంచెము కొంచెముగా బిగించుచు త్రిప్పవలెను. బిగువు క్రమముగా పెరుగవలెను. పావు చుట్టు వఱకు ఏమియు లేక, ఆపై ఒక్కమాఱుగా కట్టివేయునది చేపను పోగొట్టును.

8. కమ్మి తీగ, పిడి, కండె విడిగా దొరకునా యని అడుగవలెను. దొరకుననువాని రెండువందల రూపాయల అధిక వెల దండుగ కాదు.

చూడకయే ఇంటికి తెప్పించుకొనువారు ఈ పరీక్షలను పెట్టె విప్పిన దినముననే చేసి, లోపమున్న సరకును గడువులోపల త్రిప్పి పంపవలెను. కఱ్ఱ, రీలు, దారము, గాలములు ఒకే పెట్టెలో పెట్టి అమ్మువానిలో దారము చాలవఱకు నాసిగా నుండును. అట్టిది కొన్నను దారమును మార్చుకొనుట మంచిది.

వెల లెక్క

రీళ్లు కొన్ని వందల రూపాయలు మొదలుకొని అనేక వేల వఱకు కలవు. చౌక యనగా నేమో లెక్కవేసి చూతము. 600 రూపాయల రీలు ఒక్క యేటిలో పాడగుననుకొందము. మూడేండ్లలో 1800 రూపాయలు వ్యయమగును. తెగిపోయిన దారము, పోయిన చేపలు వేఱు. 1500 రూపాయల రీలు అయిదేండ్లు వచ్చినచో ఏటికి 300 మాత్రమే. కావున రెండవదియే చౌక. అట్లని 6000 రూపాయల రీలు ఇరువదియేండ్లు వచ్చునని కొనుట కుటుంబీకునకు తగదు. అది కాలువలో పడిన దినముననే లెక్క ముగియును.

ఈ సరకును అప్పుచేసి కొనవలదని గట్టిగా చెప్పుచున్నాము. ఇది నాగలి కాదు, విత్తనము కాదు. పంట యమ్మిన సొమ్ములో మిగులు నుండి కొనదగినది. పదిమంది సభ్యులు కలిసి ఒకేమారు కొన్నచో వర్తకుడు వెల తగ్గించును, విడిభాగములను తెప్పించును. ఒకే రకము కొన్నందువలన ఒకని రీలు పాడైనను, దాని భాగములు మఱియొకని రీలునకు పనికివచ్చును. కుంటలు తక్కువగా నున్న గ్రామమున అందఱును కొననేల? సంఘము పక్షమున రెండు ఉంచుకొని, మందుచల్లు యంత్రమువలె వంతులవారీగా వాడుకొనవచ్చును.

దారము నెక్కించుట

ఈ రీలు కఱ్ఱకు క్రిందుగా వ్రేలాడవలెను. పైకి బిగించి వెనుకకు త్రిప్పుచు, యంత్రము చెడినదని వాపోవువారిని మేము పలుమార్లు చూచితిమి.

తక్కువ వెల రీలునకు ఒంటిపోగు నైలాను దారమే తగినది. జడవలె అల్లిన సన్నని దారము బలమైనదే కాని, అది నాసిరకపు గిలకను త్వరగా అఱుగగొట్టును, వెలయు ఎక్కువ. దారమును మొదట కఱ్ఱ అడుగు ఉంగరములో దూర్చి, పిదప కండెకు ముడివేసి, తడిగుడ్డతో వ్రేళ్లమధ్య బిగబట్టుచు చుట్టవలెను. కండె అంచునకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపవలెను. తక్కువైనచో దారము అంచునకు ఒఱసి దూరము పోదు. ఎక్కువైనచో గుత్తులుగా జాఱి చిక్కుపడును.

బిగింపును కంటితోగాని, ఊహతోగాని నిర్ణయింపరాదు. దారము కొనను స్ప్రింగుత్రాసు కొక్కెమునకు కట్టి, కఱ్ఱను ఎత్తి లాగవలెను. దారపు బలములో నాల్గవవంతునుండి మూడవవంతు లోపల అది జాఱుట మొదలిడవలెను. ఆఱు కిలోల దారమైనచో కిలోన్నర, రెండు కిలోల మధ్య జాఱవలెను. ముడివలన దారము కొంత బలము కోల్పోవును గనుక ఈ జాగ్రత్త అవసరము.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక: చేప దారమును లాగుకొనిపోవునపుడు పిడిని త్రిప్పరాదు. అప్పుడు దారము లోనికి రాదు సరికదా, పిడి చుట్టు ఒకటికి దారమునకు అయిదు మెలికలు పడును. పదిచుట్లు త్రిప్పిన ఏబది మెలికలు. మఱునాడు దారము త్రాటివలె మెలివడి కూర్చుండును. రైతు రీలును నిందించును. చేప లాగునపుడు ఊరకుండవలెను. అది ఆగినపుడు కఱ్ఱను మెల్లగా ఎత్తి, దించుచు చుట్టుకొనవలెను. అట్లే గాలము విసరిన పిమ్మట కమ్మిని పిడితో గాక చేతితో మూయుట అలవాటు చేసికొనిన, మెలికలును తగ్గును, కమ్మియు చిరకాలము మన్నును.

పోషణ

రీలును గట్టుమీది ఇసుకలో పెట్టరాదు. ఇసుక రేణువు పండ్లచక్రములో చొచ్చిన అది ఆకురాయి పనిచేయును. ఇంటికి వచ్చిన వెంటనే తడిగుడ్డతో తుడిచి నీడలో ఆఱబెట్టవలెను. ఉప్పునీటి చెఱువులలో పండుగప్ప పట్టువారు బిగింపుమరను గట్టిగా బిగించి, మంచినీటిని పైపైన చిలుకరించి కడుగవలెను, నీటిలో ముంచరాదు. ఆఱిన పిదప మరను పూర్తిగా వదులుచేసి దాచవలెను. బిగించియే యుంచిన లోపలి బిళ్లలు అణగిపోవును.

నెలకొకమారు గిలకకును, కమ్మి కీళ్లకును, పిడి గుబ్బకును ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె చాలును. ఏటికొకమారు పండ్లచక్రమునకు కొంచెము గ్రీజు పెట్టవలెను. బిగింపుమర బిళ్లలకు ఆ నూనె తగులరాదు. కొబ్బరినూనె, ఆముదము పనికిరావు. అవి బంకగట్టి దుమ్మును పట్టును.

మఱువరాని నియమములు

మోటారు కొఱకు వేసిన విద్యుత్తు తీగలు మన కుంటలమీదుగాను, గట్లప్రక్కను పోవుచుండును. నేటి గాలపు కఱ్ఱలలో పెక్కింట బొగ్గుపోగు కలదు; దానిగుండా విద్యుత్తు ప్రవహించును. కఱ్ఱ తీగకు తగిలినచో ప్రాణము పోవును. మిక్కిలి చేరువకు పోయినను ప్రమాదమే. తీగల క్రింద ఎన్నడును విసరరాదు. పొడుగు కఱ్ఱను ఎత్తి పట్టుకొని వాని క్రింద నడువనురాదు. రీలు పోయిన కొనుక్కొనవచ్చును; మనిషి పోయిన ఆ యింటి దిక్కెవరు?

ఊరి చెఱువులో చేపలు పట్టు హక్కు చాలచోట్ల మత్స్యకారుల సహకార సంఘమునకు గుత్తగా ఇయ్యబడి యుండును. పిల్లలను కొని విడిచినవారు వారు. వారి సమ్మతి లేక గాలము వేయుట వారి కంచములో చేయి పెట్టుటయే. మన చేనిలో పరుల పశువులు మేసిన మనమూరకుందుమా?

చెఱువులలోను, కాలువలలోను కొరమీను తన పిల్లలను కాచుకొనును. నీటిమీద ఎఱ్ఱని పిల్లల గుంపు కనబడినచో తల్లిదండ్రులు అడుగున నున్నవని తెలిసి విడిచిపెట్టవలెను. మనము పిల్లలను విడిచిన కుంటలో మాత్రము వానిని తీసివేయుట తగును. కొరమీనునకు బ్రతికిన కప్పను గ్రుచ్చుట యాచారము; కాని కప్ప మన పైరుపురుగులను తిను మిత్రము. రబ్బరు కప్ప అంగళ్లలో దొరకును; దానినే వాడవచ్చును. తెగిన నైలాను దారమును గట్టున పాఱవేయరాదు. అది పశువుల కాళ్లకును, కొంగల మెడలకును ఉరియగును. ముక్కలుగా కోసి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయవలెను.

కొనువారు అవసరమున్నదో లేదో మొదట తేల్చుకొని, నడితరపు పరిమాణమును కోరి, దూదితోను దారముతోను పరీక్షించి, సొంత సొమ్ముతో కొనవలెను. అట్లు కొన్న రీలు తుడిచి దాచుకొనువాని ఇంట అనేక వత్సరములు పనిచేయును. ఈ పరీక్షలను చేసి చూపవలెనని కోరు సంఘములు తమ నెలసరి సమావేశమునకు రెండు మూడు రకముల రీళ్లను తెప్పించి యుంచినచో, మేము వచ్చి సభ్యుల యెదుట విప్పి చూపుదుము.